ఆలస్యము – మౌనము

మనయొద్దకు వచ్చి యేదేని అడిగినవానియెడల మనము నడచుకొను మార్గములు మూడు గలవు. అడిగినది ఇచ్చుట యొకటి. ఈయనని చెప్పుట రెండవది. ఇచ్చుటయు లేక, ఈయననుటయు లేక, వానిని వాకిట నిలుపుట మూడవది. మొదటిదానిని లోకము ధర్మమనును. రెండవదానిని కాఠిన్యమనును. మూడవదానికి మాత్రము పేరైనను పెట్టలేదు. అది పాపములలో లెక్కింపబడదు. దానికి ప్రాయశ్చిత్తము విధింపబడలేదు. దానిని చేసినవాడు రాత్రి సుఖముగా నిద్రించును. మన యిండ్లలోను, బడులలోను, కచేరీలలోను దినదినమును జరుగుచున్న యీ మూడవ కార్యము నిజముగా దోషము కాదా? దోషమైనచో ఎంతటి దోషము? ఈ ప్రశ్న నాకు పుస్తకములు చదువుటవలన గాక ఒక దరఖాస్తు వ్రాయుటవలన కలిగినది. ఆ కథ ముందుగా చెప్పెదను.

నేను పనిచేయు గ్రామములోని పాఠశాలకు నూఱేండ్లు నిండుచున్నవని పెద్దలు ఉత్సవము తలపెట్టిరి. అందులో ఒక శిలాఫలకము నెలకొల్పి, పాఠశాలకు స్థలమిచ్చిన దాత పేరు చెక్కింపవలెనని నిర్ణయమైనది. ఆ దాత యెవరు? గ్రామములో రెండు మాటలు వినబడుచుండెను. ఊరిలో పేరుగల యొక కుటుంబమువారు తమ తాతగారే ఇచ్చిరనిరి. కుమ్మరవీథిలోని ముసలివారు మాత్రము, సంతానము లేని యొక విధవరాలు తన యెకరము పొలమును బడికి వ్రాసియిచ్చెననియు, పెద్దింటివారు సాక్షి సంతకము మాత్రమే చేసిరనియు చెప్పుచుండిరి. మాటకు మాటయే గాని ఆధారము లేదు. ఆ కాలమున ఇట్టి బడులు తాలూకా బోర్డుల పాలనలో నుండెను. ఆ బోర్డు కాగితములు ప్రభుత్వ దస్తావేజుల భాండాగారములో, అనగా జనులు ఆర్కైవ్సు అను కచేరీలో, ఉండునని తెలిసి, సమాచార హక్కు చట్టము క్రింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జతపఱచి దరఖాస్తు పంపితిని. ఉత్సవమునకు నాలుగు మాసముల వ్యవధి యుండెను. చట్టము ప్రకారము ప్రత్యుత్తరము 30 దినములలో రావలెను. కావున నిశ్చింతగా నుంటిని.

ముప్పది దినములు గడచినవి. ఉత్తరము రాలేదు. ఆ కచేరీలోనే పై యధికారికి మొదటి అప్పీలు వ్రాసితిని. దానిని 30 దినములలోను, కారణము వ్రాతమూలకముగా చూపినచో 45 దినములలోపలను తీర్మానింపవలెను. ఆ గడువును దాటినది. ఉత్సవదినము వచ్చినది. "ఆధారము లేనిదే కుమ్మరవీథి మాట యెట్లు నమ్ముదుము, మాస్టారూ?" అని కార్యనిర్వాహకులు నన్నడిగిరి. నాయొద్ద బదులు లేకుండెను. పెద్దింటి తాతగారి పేరు నల్లరాతిపై బంగారు రంగు అక్షరములతో వెలసినది. అందఱును చప్పట్లు కొట్టిరి, నేనును కొట్టితిని.

ఏడవ మాసమున ఒక కవరు వచ్చినది. అందులో రెండు పుటల నకలుండెను. విధవరాలి పేరు, పొలము సర్వే నంబరు, విస్తీర్ణము ఎకరము, దానము స్వీకరించుచు బోర్డు చేసిన తీర్మానము. క్రింద సాక్షుల వరుసలో పెద్దింటి తాతగారి సంతకము. కుమ్మరవీథి ముసలివారు చెప్పినదంతయు అక్షరాల నిజము.

ఆ కచేరీవారు నాతో అబద్ధమాడలేదు. ఒక్క తప్పు మాటయు వ్రాయలేదు. అయినను వారి మౌనమువలన మా గ్రామములో ఒక యసత్యము రాతిలో చెక్కబడినది. అబద్ధమాడని నోటినుండి అబద్ధము పుట్టుట యెట్లు? ఈ చిక్కు విప్పుటకై కొంత దూరము పోవలసియున్నది.

ప్రభుత్వమువారి కాగితములను చూచుటకు ప్రజలకు హక్కు గలదను భావము కొత్తది కాదు. స్వీడను దేశమువారు 1766లోనే దానిని శాసనముగా చేసిరి. అమెరికావారు 1966లోను, ఇంగ్లండువారు 2000లోను ఇట్టి చట్టములు చేసికొనిరి. మన దేశమున 1975లో రాజ్ నారాయణ్ వ్యాజ్యెమునందు సుప్రీముకోర్టు, ప్రజాసేవకులు చేయు పనులను తెలిసికొను హక్కు ప్రజలకు గలదని చెప్పినది. కాని యా మాటకు ప్రాణము పోసినవారు న్యాయవాదులు కారు. రాజస్థానములోని పల్లెటూళ్ల కూలివారు. కఱవు పనులలో తమ పేర కూలి వ్రాసికొని తమకు ఈయలేదని, మస్టరురోలు చూపుమని వారడిగిరి. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ నాయకత్వమున 1996లో బ్యావర్ పట్టణపు వీథిలో నలువది దినములు కూర్చుండిరి. తుదకు 2005వ సంవత్సరము జూను 15వ తేదీని రాష్ట్రపతి యామోదము పొంది, అక్టోబరు 12వ తేదీనుండి మన చట్టము అమలులోనికి వచ్చినది. కావున దస్త్రము చూడగోరుట పండితుల వేడుక యనుకొనుట పొరపాటు. ఈ హక్కు కూలి డబ్బు అడిగిన చేతులనుండి పుట్టినది.

ఆలస్యము విషయమున ఈ చట్టము పలికిన మాట మన నీతిశాస్త్రముకంటె నిర్మొగమాటముగా నున్నది. గడువులోపల తీర్మానము చెప్పకుండినచో, అధికారి ఆ దరఖాస్తును నిరాకరించినట్లే భావింపవలెనని అది శాసించినది. గడువు దాటిన పిదప ఇచ్చు నకలుకు రుసుము పుచ్చుకొనరాదనినది. తగిన కారణము లేక ఆలసించిన యధికారికి దినమునకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలకు మించకుండ జరిమానా నిర్ణయించినది. ఒక మనుష్యుని ప్రాణమునకుగాని స్వేచ్ఛకుగాని సంబంధించిన సంగతియైనచో 48 గంటలలో చెప్పవలెననినది. ఇంగ్లండులో 1215లో రాజు తన ప్రజలకిచ్చిన మాగ్నా కార్టా పత్రమునందును, న్యాయమును విక్రయింపననియు, నిరాకరింపననియు, ఆలసింపననియు మూడు వాగ్దానములు ఒక్క వరుసలో నుండుట గమనింపదగినది. లంచము, నిరాకరణము, ఆలస్యము – ఈ మూటికిని ఆ పత్రమున ఒకే పీఠము వేయబడినది.

దస్తావేజుల భాండాగారము విషయమున మఱియొక విశేషము గలదు. క్రొత్త దస్త్రములను దాచుటకు కచేరీలకు చట్టములో అనేక కారణములు దొరకును. కాని ఇరువది యేండ్లు దాటిన సంగతులకు ఆ కారణములలో చాలభాగము చెల్లదు. దేశరక్షణము, శాసనసభల హక్కులు, మంత్రివర్గపు కాగితములు మొదలగు కొన్ని మాత్రమే నిలుచును. భాండాగారములోని కాగితములు నూటికి తొంబదిపాళ్లు పాతవే గదా! కావున అచ్చట కాదనుటకు నోరు చాలదు. కాదనలేని చోట మిగిలినది ఊరకుండుట. ఇతర కచేరీలలో ఆలస్యము నిరాకరణమునకు తోబుట్టువు. భాండాగారములో ఆలస్యమే నిరాకరణము.

ఈ సందర్భమున కఠోపనిషత్తులోని నచికేతుని కథ నాకు తఱచుగా జ్ఞప్తికి వచ్చుచుండును. తండ్రి కోపముతో పలికిన మాటవలన ఆ బాలుడు యముని యింటికి పోయెను. యముడు ఇంట లేడు. బాలుడు మూడు రాత్రులు అన్నపానములు లేక వాకిట నుండెను. తిరిగివచ్చిన యముడేమి చేసెను? నేను ఊరిలో లేనని చెప్పి తప్పించుకొనలేదు. నా సేవకులదే తప్పనలేదు. అతిథికి నమస్కరించి, వేచిన ఒక్కొక్క రాత్రికి ఒక్కొక్క వరము చొప్పున మూడు వరములు కోరుకొమ్మనెను. లోకముల ప్రాణములు తన చేతనున్నవాడు ఒక చిన్నవానికి తన ఆలస్యమునకై పరిహారము చెల్లించెను! దినమునకు 250 రూపాయలని మనము నేడు వ్రాసికొన్న సూత్రమునకు ఇంతకంటె ప్రాచీనమైన ప్రమాణము వేఱొకటి నాకు కానరాదు. అంతేకాదు. మరణానంతరమున ఏమగునో చెప్పుమని బాలుడు మూడవ వరముగా నడిగినప్పుడు, ఆ సంగతి చెప్పుటకు యమునికిని ఇష్టము లేకపోయెను. ఏనుగులు, బంగారము, దీర్ఘాయువు తీసికొని ఆ ప్రశ్న మానుమనెను. బాలుడు మానలేదు, యముడు చెప్పెను. ఇష్టము లేకున్నను యముడు ఎదుట నిలిచి మాటలాడెనే గాని, లోపలికి పోయి తలుపు మూసికొనలేదు.

ఇచ్చట కొందఱు చదువరులు ఆక్షేపింపవచ్చును: "అన్ని యాలస్యములును దోషములేనా? తొందరపాటువలన వచ్చిన చేటు తక్కువా?" ఆ యాక్షేపణ న్యాయమైనదే. దానికి ప్రమాణమును మన వాఙ్మయములోనే గలదు. భారతమున శాంతిపర్వములో భీష్ముడు ధర్మరాజునకు చిరకారి కథ చెప్పెను. గౌతముడు భార్యపై కోపించి, ఆమెను చంపుమని కుమారునకు ఆజ్ఞాపించి అడవికి పోయెను. కుమారుడు ప్రతి పనియు ఆలోచించి చేయువాడు గనుక, తండ్రి యాజ్ఞ గొప్పదా, తల్లి ప్రాణము గొప్పదా యని తలపోయుచు నిలిచిపోయెను. ఇంతలో తండ్రి పశ్చాత్తప్తుడై పరుగున వచ్చి, భార్య బ్రదికియుండుట చూచి, కుమారుని యాలస్యమును మెచ్చుకొని కౌగిలించుకొనెను. కావున ఆలస్యము ఒక తల్లిని బ్రతికించినది. అట్టి యాలస్యమును నిందింపగలమా?

చిరకారి చేసిన పని భాండాగారములోను కొన్నివేళల అవసరమగునని నేను కన్నులార చూచితిని. ఆఱవ మాసమున ఓర్పు చాలక, సెలవు పెట్టి ఆ కచేరీకి పోయితిని. కోపముతో పోయితినని ఒప్పుకొనెదను. అచ్చట దరఖాస్తులు చూచువాడు ఒక్క గుమాస్తా. అతని ప్రక్కనున్న రెండు కుర్చీలు ఖాళీ. ఆ యుద్యోగులు విరమించి యేండ్లయినను వారి స్థానములలో ఎవ్వరును నియమింపబడలేదు. "మాస్టారూ, మీ దరఖాస్తు ఎక్కడికీ పోలేదండీ. అదిగో, ఆ వరుసలో నలువదియవది" అని చూపెను. పిదప నన్ను లోపలికి తీసికొనిపోయి కట్టలు చూపెను. గుడ్డతో కట్టిన మూటలు కప్పువఱకు పేర్చియుండెను. ఒకదానిని విప్పగా కాగితపు అంచులు ఎండుటాకులవలె రాలిపడినవి. కొన్నిటిలో పాతకాలపు ఇనుపసిరా కాగితమును తినివేయగా, అక్షరములున్న చోట అక్షరముల యాకారపు రంధ్రములు మాత్రము మిగిలినవి. మా తాలూకా బోర్డు కాగితములకు ఉండవలసిన సూచిక పుస్తకమును పురుగు కొట్టివేసెనట. "సూచిక లేనిదే ఒక్కొక్క కట్ట విప్పి చూడవలెనండీ. తొందరపడితే కాగితము చేతిలోనే పొడియగును. దినమునకు మూడు కట్టలకంటె చూడలేను" అనెను.

నా కోపము చల్లారినది. ఆ మనుష్యుడు సోమరి కాడు. అతడు నెమ్మదిగా చేయుటవలననే ఆ కాగితము బ్రదికియున్నది. చట్టమును ఈ కష్టమును ఎఱిగియే, కోరిన రూపమున ఇచ్చుటవలన దస్త్రమునకు చేటు కలుగునప్పుడు వేఱు రూపమున ఈయవచ్చునని చెప్పినది. ఇంగ్లండులోను సామాన్యముగా 20 పనిదినముల గడువుండగా, జాతీయ భాండాగారమునందు మూసియుంచిన దస్త్రములను అడిగినచో మఱి 10 పనిదినములు అధికముగా నిచ్చిరి. జైలు రిజిస్టరులలో, వైద్యశాల రిజిస్టరులలో నేటికిని జీవించియున్నవారి దుఃఖములు వ్రాయబడియుండవచ్చును. అట్టి పుటను తెఱచుటకు ముందు ఒక్క క్షణమాగి ఆలోచించువాడు చిరకారివంటివాడే. విప్పిన రహస్యమును మరల మూయలేము. చినిగిన పుటను మరల అతుకలేము.

అయిన నేను ఆ గుమాస్తాతో నంటిని: "ఇంత కష్టమున్నదని మొదటి మాసములోనే నాకొక్క కార్డు వ్రాసియుండినచో, నేనే వచ్చి మీ ప్రక్కన కూర్చుండి కట్టలు విప్పియుందునే! చట్టములో దస్త్రములను స్వయముగా చూచు హక్కు కూడ నాకున్నది గదా." అతడు కొంచెము నవ్వి, "కష్టమున్నదని వ్రాయుట మా కచేరీలో వాడుక లేదండీ. వ్రాసితిమా, పట్టుబడుదుము. వ్రాయకున్న ఎవరికిని ఏమియు తెలియదు" అనెను.

ఆ మాటతో నా చిక్కు విడిపోయినది. నాకు కీడు చేసినది ఆలస్యము కాదు, మౌనము. మా గ్రామపు కార్యనిర్వాహకులకు "కాగితము ఉన్నది, వెదకుచున్నాము, ఇంకను మూడు మాసములు పట్టును" అను ఉత్తరము నేను చూపగలిగియుండినచో, ఫలకముమీద పేరు చెక్కుట ఆపియుండెడివారు. ఆలస్యము మమ్మాపగలదు; మౌనము మమ్ము తప్పుదారి పట్టించినది.

చిరకారి యాలస్యమునకును కచేరీ మౌనమునకును భేదమేమి? నాకు మూడు గుఱుతులు తోచుచున్నవి. మంచి యాలస్యము మేలుకొనియుండును. అనగా ఆ కాలమున పని జరుగుచుండును. మంచి యాలస్యము కారణము చెప్పును. అనగా వేచియున్నవానికి తానేల వేచియున్నాడో తెలియును. మంచి యాలస్యమునకు హద్దుండును. అనగా ఏనాటికి ముగియునో చెప్పబడును. ఈ మూడును ఉన్నచో ఆలస్యము ధర్మమే. మొదటిది ఉండి తక్కిన రెండును లేనిచో, ఆ గుమాస్తా విషయమువలె, పని మంచిదై నడవడి చెడ్డదగును. మూడును లేనిచో అది దొంగతనము.

దొంగతనమనుట అతిశయోక్తి కాదు. కాదని చెప్పినవాడు నాకొక పిడి నిచ్చుచున్నాడు. ఆ మాటను పట్టుకొని నేను వాదింపగలను. పై యధికారియొద్దకు పోగలను. కారణము తప్పని చూపగలను. మౌనమునకు పిడి లేదు. దానితో వాదింపలేము. అది నా దినములను మాత్రమే గాక, వాదించు శక్తిని కూడ అపహరించును. మౌనము అర్ధాంగీకారమని మన పెద్దలనిరి. పెండ్లి మాటలలో అది నిజమేమో గాని, కచేరీలలో మౌనము పూర్ణనిరాకరణము. చట్టము మౌనమును నిరాకరణముగా భావించుటలోని వివేకమిదియే: పిడిలేని దానికి పిడి అమర్చినది.

మౌనము ఉన్న చోటు ఊరక ఖాళీగా నుండదు. నిజము రాకమునుపే పుకారు వచ్చి పీట వేసికొని కూర్చుండును. నేతాజీ సుభాసచంద్రబోసుగారు 1945 ఆగస్టులో మరణించిరన్న వార్తపై డెబ్బది యేండ్లు దేశమంతట ఎన్ని కథలు పుట్టినవో చదువరు లెఱుగుదురు. ఆ సంబంధమైన నూఱు ఫైళ్ల నకళ్లు జాతీయ భాండాగారమున ప్రజలకు తెఱువబడినది 2016 జనవరి 23వ తేదీన. 1948లో హైదరాబాదు సంస్థానముపై సైనికచర్య జరిగిన పిమ్మట అచ్చట జరిగిన హత్యలను విచారించిన పండిత సుందరలాలుగారి సంఘపు నివేదికయు దశాబ్దములకొలది ప్రజల కంటబడలేదు. ఇట్టి కాగితములు మూతబడియున్న కాలమున ఒకరు గోరంతను కొండంత చేయుదురు, మఱియొకరు కొండంతను గోరంత చేయుదురు; దుఃఖపడినవారు మాత్రము సాక్ష్యము లేక మిగులుదురు. మా ఊరి శిలాఫలకము చిన్నది. ఇవి పెద్ద ఫలకములు. న్యాయము మాత్రమొక్కటే.

ఇంతవఱకు పరులను గూర్చి వ్రాసితిని. ఇక నన్ను గూర్చి వ్రాయక తప్పదు. ఆ గుమాస్తాయొద్దనుండి తిరిగివచ్చుచు రైలులో కూర్చుండగా, నాకొక ముసలివాడు జ్ఞప్తికి వచ్చెను. మా పాఠశాల పాత అడ్మిషను రిజిస్టరులు నా యధీనమున నుండును. రెండేండ్ల క్రిందట ఒక కూలివాడు వచ్చి, ఆధార్ కార్డులో తన వయస్సు తక్కువగా పడుటచే వృద్ధాప్యపు పింఛను రాలేదనియు, చిన్నతనమున మా బడిలో రెండవ తరగతి చదివితిననియు, పుట్టినతేది కాగితమిప్పింపుమనియు అడిగెను. పరీక్షల పని యున్నది, "వచ్చే వారము రా, తాతా" అంటిని. వచ్చెను. బీరువా తాళపుచెవి హెడ్మాస్టరుగారియొద్ద నున్నదంటిని. మరల వచ్చెను. నేను సెలవులో నుంటిని. నాలుగవ మాఱు వచ్చి, "ఎల్లుండి రమ్మంటారా, బాబూ?" అని తానే అడిగెను. ఆ మాటలో కోపము లేదు, నిష్ఠూరము లేదు. నేను చెప్పబోవునది తానే ముందుగా చెప్పి నాకు శ్రమ తప్పించెను. ఆనాడు సిగ్గుపడి బీరువా తెఱపించితిని. రిజిస్టరులో అతని పేరు వెదకుటకు అరగంట పట్టినది. ఆ యరగంటకై అతడు నాలుగు దినముల కూలియు, మూడు మాసముల పింఛనును పోగొట్టుకొనెను. నేనేమి పోగొట్టుకొంటిని? ఏమియు లేదు. నాకు జరిమానా వేయువారెవ్వరును లేరు. ఆ రాత్రి నేనును సుఖముగానే నిద్రించితిని.

కచేరీవారు నాయెడల చేసినది, నేను ఆ ముసలివానియెడల చేసినది ఒక్కటే. ఒక్క భేదము మాత్రము గలదు. నాకు చట్టము తెలియును, అప్పీలు వ్రాయ నేర్తును. అతనికి రెండవ తరగతి చదువు మాత్రమున్నది. వేచియుండుమనుట అందఱికిని ఒకే విలువకు అమ్ముడుపోదు. జీతగానికి అది విసుగు. కూలివానికి అది అన్నము. ఆలస్యము పేదవానిపై వేసిన పన్నని నేను నేర్చుకొన్నది ఆ దినముననే.

అట్లయిన దోషము గుమాస్తాదా, ప్రభుత్వమువారిదా? చట్టము ఒక వ్యక్తిని, అనగా పౌర సమాచార అధికారిని, బాధ్యుని చేసినది. అతడు సహాయమడిగిన యితరోద్యోగియు అంతే బాధ్యుడగునని చెప్పినది. ఇది మంచిదే, ఏలయన, బాధ్యత అందఱిదైనచో ఎవ్వరిదియు కాదు. కాని చట్టము మఱియొక మాటయు చెప్పినది: ప్రతి కచేరీయు తన దస్త్రములను సూచికలతో, పట్టికలతో, అడిగినవెంటనే దొరకునట్లు క్రమపఱచి యుంచుకొనవలెను. రెండు కుర్చీలు ఖాళీగా నుంచి, సూచికను పురుగునకు వదలి, మిగిలిన ఒక్కనికి దినమునకు 250 రూపాయల జరిమానా వేయుట న్యాయమగునా? కాదు. అయినను అతడు నిర్దోషి కాడు. కట్టలు వెదకలేకపోవుట అతని యశక్తి. కార్డు వ్రాయకుండుట అతని దోషము. అశక్తతను మనము క్షమింపవలెను. దానిని దాచుటను క్షమింపరాదు. అతడు ప్రతి దరఖాస్తుదారునకును నిజము వ్రాసియుండినచో, ఆ నలువది యుత్తరములే ఖాళీ కుర్చీలకు సాక్ష్యమై, ప్రభుత్వమువారి మెడపై కత్తియై యుండెడివి. తన మౌనముచే అతడు మమ్ము మాత్రమే గాక, తన్ను బాధపెట్టువారిని గూడ కాపాడుచుండెను.

పై నున్నవారి సంగతియు చెప్పవలెను. మొదటి అప్పీలు విఫలమైనవాడు 90 దినములలో సమాచార కమిషనునకు రెండవ అప్పీలు చేసికొనవచ్చును. కాని ఆ కమిషను ఎన్ని దినములలో తీర్మానింపవలెనో చట్టము చెప్పలేదు. క్రిందివాని యాలస్యమును శిక్షించువాని యాలస్యమునకు గడువు లేదు! 2023లో తెలంగాణ కమిషనున కమిషనరు లొక్కరును మిగులక విచారణలే నిలిచిపోయినవి. జరిమానాకును నూఱు దినములతో హద్దు ముగియును. నూటయొకటవ దినమునుండి మౌనమునకు వెల లేదు. యముడు మూడు రాత్రులకు మూడు వరము లిచ్చెను. నూఱు రాత్రులు వేచినచో నూటితో ఆపియుండునని నేననుకొనను.

తెలుగువారమైన మనకు ఈ విషయమున విశేషశ్రద్ధ యుండవలెను. మన పూర్వుల కాగితములు ఒక్కచోట లేవు. కోస్తా, రాయలసీమ జిల్లాలవి చెన్నపట్టణమున 1909లో నెలకొన్న రికార్డు ఆఫీసులో పెక్కుగా చేరినవి. తెలంగాణమువి నైజాము ప్రభుత్వమునాటి పారసీక ఉర్దూ భాషలలో హైదరాబాదున నున్నవి. 1953లోను, 1956లోను, 2014లోను రాష్ట్రముల హద్దులు మాఱినవి. హద్దు మాఱినప్పుడెల్ల "మాయొద్ద లేదు" అను మాటకు అవకాశము పెరుగును. కాని ఆ మాట చెప్పి ఊరకుండుటకు వీలులేదు. దస్త్రము వేఱొక కచేరీలో నున్నచో, దరఖాస్తు చేరిన కచేరీయే 5 దినములలో దానిని అచ్చటికి పంపి, ఆ సంగతి అడిగినవానికి తెలుపవలెను. అన్యరాష్ట్రపు కచేరీకి మన చట్టరీతులు ఎట్లున్నను, "మీది ఫలానాచోట నుండును" అని దారి చూపుటకు ఏ శాసనమును అడ్డురాదు.

కావున చేయదగినదేమి? నా మనవి పెద్దది కాదు. దరఖాస్తు చేరిన వారములోపల ఒక కార్డు: చేరినది, మీ వరుస యిది, కష్టమిది, ఇన్నాళ్లు పట్టును. దొరకినంత మట్టుకు ముందుగా నిచ్చుట. కాగితము జీర్ణమైనదైనచో వచ్చి చూచుకొమ్మని పిలుచుట. ఒకరు అడిగినపుడు వెదకి కనుగొన్నదానిని సూచికలో వ్రాసియుంచి, రెండవవానికి ఆ శ్రమ తప్పించుట. అడుగువారికిని ధర్మము గలదు. "నూఱేండ్ల కాగితములన్నియు పంపుడు" అని వ్రాయక, ఏ యేడు, ఏ గ్రామము, ఏ సంగతి యని స్పష్టముగా అడుగవలెను. వరుసలో తనకు ముందున్నవాడును తనవంటివాడే యని తలంపవలెను. కట్టలు విప్పువాని చేతులకు ధూళి యంటునని మఱువరాదు.

చదువరులారా, ఇది కచేరీల నీతి మాత్రమే కాదు. మన యింటికి వచ్చిన కూలివానికి, బాకీ యడుగవచ్చిన చాకలికి, పెండ్లి సంబంధమునకు బదులు కోరిన ఆడపిల్ల తండ్రికి, పరీక్ష దిద్దిన కాగితములకై చూచు విద్యార్థికి మనమును యజమానులమే. వారి వాకిలి మనచేత నున్నది. ఇచ్చుట మన శక్తిని బట్టి యుండును. కాదనుట మన న్యాయమును బట్టి యుండును. బదులు చెప్పుట మాత్రము అందఱికిని సాధ్యమే. దానికి ధనము వలదు, అధికారము వలదు, పాండిత్యము వలదు.

మా గ్రామపు శిలాఫలకము ఇంకను అట్లే యున్నది. నకళ్లు జతపఱచి, పేరు సవరింపుమని కార్యనిర్వాహకులకు ఉత్తరము వ్రాసి ఎనిమిది మాసములైనది. వారింకను బదులు చెప్పలేదు. నేను మాత్రము ఆ రెండు పుటలను అద్దములో బిగించి తరగతి గదిలో తగిలించితిని. పిల్లలు వచ్చుచు పోవుచు ఆమె పేరు చదువుచున్నారు. అడ్మిషను రిజిస్టరుల బీరువాకు రెండవ తాళపుచెవి చేయించి నాయొద్దనే యుంచుకొంటిని.